దెయ్యానికి మోసిన క్యారియర్

అక్కడ దెయ్యం ఉందని తెల్లవాళ్ళకు చెప్పింది నేనే. ఈ మాట ముందే రాసేస్తున్నాను. చదివేవాళ్ళు ఎవరిని తిట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

తొంభైల మొదట్లో సంగతి. సోహార్ దగ్గర ఒక కంపెనీలో నేను వ్యాను డ్రైవర్ని. మాది కడప జిల్లా. ఊళ్ళో ట్రాక్టర్ తోలిన చేతులు, వాటినే నమ్ముకొని ఒమన్ పోయాను. చదువు లేదు. రోడ్డు మీది బోర్డుల్ని రంగును బట్టి, ఆకారాన్ని బట్టి గుర్తుపెట్టుకొని లైసెన్సు తెచ్చుకున్నాను. అక్షరాలు దిద్దింది ఇంటికి వచ్చేశాక, యాభై ఆరో ఏట. అందుకని ఇందులో తేదీలు అడగవద్దు. రాసిపెట్టుకోవడం అప్పటికి నాకు రాదు.

కంపెనీలో తెల్ల ఇంజనీర్లకు చుట్టూ గోడ కట్టిన కాలనీ, మాకు రేకుల క్యాంపు. పొద్దున వాళ్ళ పిల్లల్ని బడికి దింపడం, సాయంత్రం వాళ్ళ ఆడవాళ్ళను బజారుకు తిప్పడం నా డ్యూటీ. కాలనీ నుంచి ఇరవై నిమిషాలు లోపలికి పోతే ఖర్జూరపు తోటల వెనక ఒక పాత ఊరు ఉండేది. ఊరంటే మనుషులు లేరు. అందరూ రోడ్డు పక్కన సిమెంటు ఇళ్ళు కట్టుకొని వెళ్ళిపోయారు. మా వైపు మట్టిమిద్దెల్లాంటివే, సగం కూలినవి, సగం నిలబడినవి మిగిలాయి. వాటిలో ఒకదాంట్లో మనవాడు ఒకడు దాక్కొని ఉన్నాడు.

అతను రాయచోటి వైపు సాయిబు. గోడలు కట్టే మేస్త్రీ. నాకంటే పదేళ్ళు చిన్న. మా కంపెనీ పనే చేసేవాడు గానీ, అతని వీసా వేరే ఒక ఒమానీ కింద ఉండేది. అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. మేస్త్రీ పరంజా మీది నుంచి పడి నడుము దెబ్బ తిన్నాడు. అర్బాబ్ రెండు వారాలు రూములో పడుకోబెట్టి, మూడో వారం లేచి పనికి రమ్మన్నాడు. పనికి లేవలేక మేస్త్రీ ఒకరోజు, లేబర్ కార్డూ పాస్‌పోర్టూ అర్బాబ్ దగ్గరే వదిలేసి, ఎలాగో బయటపడ్డాడు. మర్నాడే అర్బాబ్ వీడు నా మిషన్లు దొంగిలించి పారిపోయాడని పోలీసులకు చెప్పాడు. వట్టి పారిపోయినవాడైతే దొరికితే ఇంటికి పంపుతారు. దొంగతనం కేసు నెత్తిన ఉంటే జైలు. మత్రా పట్నంలో బట్టల కొట్టు నడిపే ఒక గుజరాతీ సేటుకు ఆ అర్బాబ్ తెలుసు. ఆయన మధ్యలో నిలబడి మాట్లాడుతున్నాడు. దెబ్బ సంగతి ఎక్కడా ఎత్తనని మేస్త్రీ కాగితం రాసిస్తే కేసు వెనక్కి తీసుకుంటానని అర్బాబ్ మెత్తబడ్డాడు. ఇంకో నెల ఆగమన్నాడు సేటు. ఆ నెల రోజులు మేస్త్రీ ఎవరి కంటా పడకూడదు. పని అంతే.

అన్నం నేను తీసుకుపోయేవాణ్ణి. క్యాంపు మెస్సులో వంటవాడు గోదావరి జిల్లా ఆయన. అతనికి ఒక్కడికే సంగతి తెలుసు. బయటికి అనడానికి లేదు కాబట్టి మేస్త్రీకి దెయ్యం అని పేరు పెట్టాడు. పొద్దున్నే క్యారియర్ సర్దుతూ నలుగురిలో అడిగేవాడు.

"ఏవండీ డ్రైవరు గారూ, మీ దెయ్యంగారికి ఈవేళ పప్పుచారు చాలంటారా? లేపోతే వచ్చి నా పీక పట్టుకుంటాడంటారా?"

అందరూ నవ్వేవారు. నేను రెండు క్యారియర్లు తింటానని ఎగతాళి అనుకునేవారు.

పిల్లల్ని బడిలో దింపి తిరిగి వచ్చేటప్పుడు బండి పాత ఊరి వైపు మళ్ళించేవాణ్ణి. ఊరి ముందు కాలువ దగ్గర ఆపి రెండుసార్లు హారన్ కొడితే, మేస్త్రీ గోడలు పట్టుకుంటూ నిన్నటి ఖాళీ క్యారియర్‌తో బయటికి వచ్చేవాడు. వంటవాడు కప్పుకోమని పంపిన తెల్ల దుప్పటి భుజాల మీద ఉండేది.

"ఈ పొద్దు ఏం తెచ్చినావన్నా?"

"పప్పు."

"మళ్ళా పప్పేనా? దెయ్యాలకు కోడి కొయ్యాలంట గదా!"

"పని చేసే దెయ్యానికి కోస్తారు. నువ్వు పొద్దంతా పండుకోనే ఉండావు."

"పండుకోక ఏం చెయ్యాల? నాలుగడుగులేస్తే నడుము పట్టేస్తాది. సేటు ఏమన్నా చెప్పినాడా?"

"చెప్తాడు లే. తిను ముందు."

రోజూ ఇదే మాట. అతని ముఖం చూసి నేను వేరే మాట అనలేకపోయేవాణ్ణి.

భయమల్లా మా క్యాంపు కుర్రకారుతోనే. సెలవు రోజుల్లో తోటల వెంట తిరిగి రాలిన పండ్లు ఏరుకొనేవాళ్ళు, చాటుగా సీసా విప్పేవాళ్ళు. ఎవడు చూసినా నోరు ఆగదు. అందుకని వంటవాడూ నేనూ కలిసి, ఆ ఊళ్ళో నిజంగానే దెయ్యం ఉందని పుట్టించాం. మాకు పెద్ద కష్టం కాలేదు. ఆ దేశంలో జిన్నులంటే అందరికీ నమ్మకం. పాడుబడిన ఇంటి ముందు నిలబడి ఒమానీలు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు. తోట ఆసామి ఒక ముసలాయన, మా కథ విని తల ఊపాడు. ఆయనకు సంగతి తెలుసునని నాకు తర్వాత అర్థమైంది. అప్పుడప్పుడు ఆ మిద్దె గుమ్మం దగ్గర ఆకులో ఖర్జూరాలు పెట్టిపోయేవాడు. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. వారం తిరగకుండా క్యాంపులో అందరూ అటు పోవడం మానేశారు.

ఇక మా మేడం. ఒక ఇంజనీరు భార్య, ఆమె పిల్లలు ఇద్దరు నా బండిలోనే బడికి పోతారు. ఆమెకు కెమెరా పిచ్చి. పాత తలుపులు, పాత గోడలు కనపడితే బండి ఆపమంటుంది. ఒకరోజు దారిలో ఆ మట్టి ఇళ్ళు చూపించి, గురువారం అక్కడికి తీసుకుపో అంది. నాకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడగట్టి చెప్పాను.

"నో మేడం, నో గో. గోస్ట్. బిగ్ గోస్ట్. ఓమానీ పీపుల్ ఆల్సో నో గో."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. చూసినవాళ్ళు ఉన్నారా అంది. ఉన్నారన్నాను. ఎలా ఉంటుంది అంది. తెల్లగా ఉంటుంది, మూలుగుతుంది అన్నాను. కెమెరా సంచిలో పెట్టుకుంది. భయపడింది, పీడ వదిలిందని ఆ పూట నేను తృప్తిగా అన్నం తిన్నాను.

మావాళ్ళకు దెయ్యం ఉందంటే చుట్టు తిరిగైనా వేరే దారిన పోతారు. దెయ్యం ఉందంటే వెతుక్కుంటూ వచ్చే జాతి ఒకటుందని నాకెవరు చెప్పారు?

అక్టోబరు నెలాఖరుకు వాళ్ళకొక పండగ. హాలోవీన్ అంటారట. మేడం నాతో ఆరు గుమ్మడికాయలు తెప్పించింది. కూరకనుకున్నాను. గుజ్జు పారేసి, కళ్ళూ పళ్ళూ కోసి, లోపల కొవ్వొత్తులు పెట్టారు. మా వైపు గుమ్మానికి కట్టే బూడిదగుమ్మడికాయకు కళ్ళూ మీసాలూ గీస్తాం కదా, ఏ పీడా లోపలికి రాకూడదని. వీళ్ళు కూడా దెయ్యాన్ని తరమడానికే పెట్టుకున్నారనుకొని లోపల మెచ్చుకున్నాను.

పండగ నాడు, గురువారం సాయంత్రం నాలుగింటికి డ్యూటీ ఉందని మాత్రమే చెప్పారు. బండి తీసుకుపోయి చూస్తే గేటు దగ్గర మేడం పిల్లలిద్దరూ, పక్కిళ్ళ పిల్లలిద్దరూ తలమీంచి తెల్ల దుప్పట్లు కప్పుకొని నిలబడ్డారు. కళ్ళ దగ్గర రెండు చిల్లులు. మేడం భర్త ఇంజనీరు చేతిలో టేపు రికార్డరు, పెద్ద టార్చిలైటు. మేడం దగ్గర కెమెరా, ఒక పొట్లంలో మైదాపిండి. పిండి ఎందుకు మేడం అని అడిగాను. నేల మీద చల్లితే దెయ్యం అడుగులు పడతాయో లేదో తెలుస్తుందట. అందరూ ఎక్కి కూర్చున్నాక అంది, "మన గోస్ట్ ఊరికి పోనీ."

ముందుగా పోయి చెప్పే దారి లేదు. కబురు పంపడానికి మనిషి లేడు. వంటవాడు పొద్దుటి బస్సుకే మత్రాకు పోయాడు, సేటును కలవడానికే.

సగం దారిలో బండి ఆపేశాను. ఇంజను చెడిపోయింది సార్ అని దిగి బానెట్ ఎత్తాను. ఎదుట ఉన్నది ఇంజనీరని మరిచాను. ఆయన చొక్కా చేతులు మడిచి వచ్చి, అక్కడా ఇక్కడా తట్టి, నా ముఖంలోకి చూసి, తానే తాళం తిప్పాడు. బండి గుర్రుమని లేచింది.

"నీకు భయమా?" అని నవ్వాడు.

"యస్ సార్."

"భయపడకు. మేమున్నాం."

పాములున్నాయి సార్ అన్నాను. వెనక సీట్లో పిల్లలు పాము పాము అని చప్పట్లు కొట్టారు. ఇక ఏం చెప్పినా వాళ్ళ సరదా పెరగడమే గానీ తగ్గదని తెలిసి నోరు మూసుకున్నాను.

తోటలు దాటి కాలువ కనిపించింది. ఇంకా వెలుతురుంది. గోడల మీద ఎండ పసుపుగా పడుతోంది. మేస్త్రీ ఈ చప్పుడు విని లోపలే ఉండిపోవాలి, వెనక గోడ దూకి తోటలోకి పోవాలి అని మనసులో అనుకుంటూ నేను హారన్ మీద చేయి పెట్టాను. గట్టిగా, ఆపకుండా కొట్టాను. ఎంతసేపు కొట్టానో తెలీదు. ఇంజనీరు నా చేయి పట్టి లాగాడు. మళ్ళీ కొట్టాను.

అది చేశాక గాని నాకు తట్టలేదు. మేమిద్దరం అన్నానికే గుర్తు పెట్టుకున్నాం. ఆపదకు ఏ గుర్తూ పెట్టుకోలేదు.

మేస్త్రీ వచ్చేశాడు. ఆ వేళప్పుడు నేనెప్పుడూ రాను. సేటు దగ్గర్నుంచి కబురు వచ్చిందనుకున్నాడట పిచ్చివాడు. భుజాల మీద తెల్ల దుప్పటి, చేతిలో ఖాళీ క్యారియర్, నెల రోజుల గడ్డం, నవ్వు ముఖం. గుమ్మం దాటి నాలుగడుగులు వేసేసరికి, బండి దిగి పరుగెత్తుతున్న నాలుగు చిన్న తెల్ల దుప్పట్లు అతనికి ఎదురయ్యాయి.

మొదట అరిచింది మా మేస్త్రీనే. "యా అల్లా!" అని కేక పెట్టాడు. ఆ కేకకు పిల్లలు అరిచారు. మేడం కెమెరా తెల్లగా మెరిసింది. క్యారియర్ గిన్నెలు రాళ్ళ మీద దొర్లాయి. అతను వెనక్కి తిరిగి పరుగెత్తబోయాడు. రెండడుగులు. నడుము పట్టేసి, గుమ్మానికి అడ్డంగా బోర్లా పడ్డాడు.

అప్పటికి అందరికీ తెలిసిపోయింది, మనిషేనని.

ఇంజనీరు దగ్గరికి వచ్చి, ఎవరితను, అడుగు అన్నాడు. నేను ముందుకు పోయి, తిడుతున్నవాడిలా గొంతు పెంచాను.

"నన్ను ఎరగనట్టు ఉండు. లెయ్యగలవా?"

"లెయ్యలేనన్నా. కాళ్ళు చచ్చుబడినట్టుండాయి. ఈ గుడ్డలేసుకున్నోళ్ళు ఎవురు?"

"తెల్లోళ్ళ పిల్లోళ్ళు. దెయ్యాన్ని చూడనొచ్చినారు."

"దెయ్యం యాడుండాది?"

"నువ్వే."

నొప్పితో పళ్ళు బిగబట్టి ఉన్నవాడు, ఆ మాటకు ముక్కుతో ఒక శబ్దం చేశాడు. నవ్వో ఏడుపో నేను చెప్పలేను. ఇంజనీరు నా వెనక నిలబడి, ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అని అడుగుతూనే ఉన్నాడు.

"పూర్ మ్యాన్ సార్. రోడ్డున పోయే మనిషి. మనం పోదాం రండి. తోట ఆసామి వచ్చి చూసుకుంటాడు."

ఇంజనీరు సరేనన్నట్టే వెనక్కి తిరిగాడు. ఆయన ఒక్కడే ఉంటే ఆ పూట గట్టెక్కేవాళ్ళమే. మేడం ఒప్పుకోలేదు. కెమెరా మెళ్ళో వేలాడుతుంటే మోకాళ్ళ మీద కూర్చొని మేస్త్రీ నుదుటి మీద చేయి వేసింది. ఒళ్ళు కాలిపోతోంది అంది. నడవలేని మనిషిని ఇలా వదిలేసి ఎలా పోతావు, నీ దేశంవాడే కదా అని నన్ను కసిరింది. తన శాలువా తీసి అతనికి కప్పింది. ఆ తల్లి మంచిది. ఆ ఒక్క సాయంత్రం ఆమె చెడ్డదైనా బాగుండేది.

ఊడిపోయిన తలుపు చెక్క ఒకటి తెచ్చి, దాని మీద పడుకోబెట్టి, నేనూ ఇంజనీరూ మోసుకొచ్చి వ్యాను వెనక పెట్టాం. పిల్లలు దుప్పట్లు తీసేసి, బిక్కుబిక్కుమంటూ ముందు సీట్లలో ఒకరినొకరు ఆనుకున్నారు. పిండి పొట్లం చిరిగి సీటంతా తెల్లగా అయింది. నేను బండి తోలుతున్నాను, ఆస్పత్రికి. ఎవరో తోలితే నేను చూస్తున్నట్టు ఉంది.

వెనకనుంచి మేస్త్రీ మెల్లగా పిలిచాడు.

"అన్నా, ఆస్పత్రిలో కార్డు అడుగుతారు గదా."

"అడుగుతారు."

"యాడన్నా మలుపులో నెమ్మదిగా పోనీ. దూకేస్తా."

"లెయ్యలేనోడివి ఏం దూకుతావు?"

పాపం బాధకు మూలుగుతున్నాడని మేడం అనుకుంది. తర్వాత అన్నాడు.

"నేను నిన్ను ఎరగను. ఎవురడిగినా అదే చెప్తా. నువ్వు గూడా అదే చెప్పు. చెడితే ఒకడే చెడాల."

నేను సరేనని కూడా అనలేదు. తల ఊపితే అద్దంలో మేడం చూస్తుంది.

ఆస్పత్రిలో ఎవరూ తప్పు చేయలేదు. మంచం మీద పడుకోబెట్టారు, సూది వేశారు, ఎక్స్‌రే తీశారు. పేరు రాసుకుంటూ కార్డు అడిగారు. లేదన్నాడు. పాస్‌పోర్టు అడిగారు. లేదన్నాడు. కార్డు లేని మనిషి వస్తే పోలీసులకు చెప్పడం వాళ్ళ రూలు, చెప్పారు. వచ్చిన పోలీసు చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడాడు. నన్ను హిందీలో అడిగాడు, ఇతను నీకు తెలుసా అని. తెలియదన్నాను. ఎప్పుడైనా చూశావా? లేదు. మీ ఊరివాడా? కాదు. మూడు మాటలూ మేస్త్రీ వింటుండగానే చెప్పాను. అతను పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు, నా వైపు తల తిప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మేడం నా పక్క సీట్లో కూర్చుంది. పిల్లలు నిద్రపోయారు.

"మనం రాకపోయి ఉంటే అతను చచ్చిపోయేవాడు కదా?"

"యస్ మేడం."

వంటవాడు శుక్రవారం మధ్యాహ్నం మత్రా నుంచి వచ్చాడు. సంచి కింద పెట్టకముందే చెప్పాను. వెంటనే నా మీద విరుచుకుపడ్డాడు.

"క్యాంపోళ్ళకి చెప్పుకున్నాం, బానే ఉంది. ఆ దొరసానికి ఎందుకు చెప్పారండీ? ఆళ్ళు మనలాటోళ్ళా? కొండెక్కుతారు, సముద్రంలో దూకుతారు, పాముని చేత్తో పట్టుకుంటారు. ఆళ్ళకి దెయ్యవుందని చెపుతారా ఎవరైనా?"

"నాకేం తెలుసు?"

"తెలీనప్పుడు నోరు మూసుకోవాలండీ!"

నిజమే. సేటు ఏమన్నాడని అడిగాను. అర్బాబ్ ఊరు వెళ్ళాడు, రాగానే సంతకం పెడతానన్నాడు అని చెప్పి వంటవాడు ముఖం తిప్పుకున్నాడు.

అర్బాబ్ వచ్చాడు గానీ సంతకం పెట్టలేదు. పారిపోయినవాడితో రాజీ కావాలి గాని, లోపల పడినవాడితో రాజీ ఎందుకు? సేటు ఇంకో రెండుసార్లు ప్రయత్నించి, ఇక నా వల్ల కాదని కబురంపాడు.

ఇంజనీరు ఆఫీసులో వాకబు చేశాడట. పది రోజుల తర్వాత బజారుకు పోతూ మేడం నాతో అంది, ఆ మనిషి దొంగ అట, నీకు తెలుసా? తెలిసి ఉంటే పిల్లల్ని అంత దగ్గరికి పోనిచ్చేదాన్ని కాదు. కాదు మేడం, దొంగ కాదు అని చెప్పాలంటే నీకెలా తెలుసు అంటుంది. ఎదర లారీ ఉంది. దాన్ని దాటడానికి చూస్తున్నట్టు ఊరుకున్నాను.

అతన్ని పెట్టిన జైలు గేటు దాకా రెండుసార్లు పోయాను. లోపలికి పోవాలంటే కార్డు చూపించాలి, నీకేమవుతాడంటే చెప్పాలి. రెండుసార్లూ రోడ్డు అవతల బండి ఆపి, ఇంజను ఆపకుండా కూర్చొని, వచ్చేశాను. సాయం చేసినవాడికి కూడా శిక్ష ఉంటుందని అందరూ చెప్పేవారు. నా ఇంట్లో తినే నోళ్ళు ఆరు. ఇది సాకు అని మీరంటే కాదనను. పై వేసవి దాటాక అతన్ని ఇంటికి పంపేశారని ఎవరో చెబితే విన్నాను.

అతను ఇల్లు చేరిన మరుసటేడు నేను సెలవు మీద వచ్చినప్పుడు అతని ఊరు వెతుక్కుంటూ పోయాను. బస్సు దిగి రెండు మైళ్ళు నడక. వసారాలో అతని భార్య చాట ముందు పెట్టుకొని చెనక్కాయలు ఒలుస్తోంది. ఒమన్ నుంచి వచ్చానంటే పీట వేసి కూర్చోబెట్టింది. ఆయన లేడంది. కువైట్ పోయి మూడు నెలలైందంది.

"నడుము ఎట్లుండాది తల్లీ?"

"వంగలేడు. ఆడ గేటుకాడ కూర్చునే పనంట, అందుకే పోయినాడు." తర్వాత నన్ను పరీక్షగా చూసింది. "మీరు ఆయన పని చేసిన కాడేనా?"

"ఆ కంపెనీలోనే."

"అట్లయితే ఒక మాట చెప్పండి. ఆడ డ్రైవరు ఒకాయన దినామూ అన్నం తెచ్చి పెడతాండెనంట. ఆయన్ను గూడా పట్టుకున్న్యారేమో, నా వల్ల ఆయప్ప ఉద్యోగం పాయెనేమో అని ఈయన వచ్చిన కాడి నుంచి ఒకటే దిగులు. మీకేమన్నా తెలుసునా?"

"ఏమీ కాలేదు తల్లీ. ఆ డ్రైవరు బాగానే ఉన్నాడు. ఉద్యోగం కూడా ఉంది."

"అల్లా చల్లగా చూడాల ఆయన్ను. జాబులో రాయిస్తా. ఈయనకు నిద్రయినా పడతాది."

ఆ డ్రైవర్ని నేనేనని చెప్పలేదు. అది చెబితే మిగతాది కూడా చెప్పాలి. అక్కడి దాకా పోయింది చెప్పడానికే. ఆయమ్మ లోపలికి పోయి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. వద్దంటే బాగుండదని తాగాను. ఇంకొంచెం పోయనా అంది. చాలమ్మా, బస్సుకు టైమవుతోంది అని లేచాను.